వెయ్యి ఉరుల మర్రి

నిర్మల్ అనగానే మనకు పొణికి కొయ్యతో చేసిన రంగుల బొమ్మలు జ్ఞప్తికి వచ్చును. ఆ పట్టణమునకు మరియొక జ్ఞాపకమును కలదు. ఖజానా చెరువు దరిని, ఎల్లపెల్లి పోవు త్రోవలో, దానిని వెదకుచు మేమొక ఉదయమున బయలుదేరితిమి.

యుద్ధము జరిగిన తావుల చేరువను సైనికుల సమాధులుండుట లోకమున పరిపాటి. 1944లో ఘోరయుద్ధము జరిగిన కొహిమాలో 1,420 సమాధులు వరుసలు తీరియున్నవి. దహనసంస్కారము పొందిన హిందూ, సిక్ఖు సైనికులు 917 మందికి అచ్చటనే వేరొక స్మారకము కలదు. హోదాతో నిమిత్తము లేక చనిపోయిన ప్రతి సైనికుని పేరును నిలుపవలెనను నియమముతో బ్రిటిషు సామ్రాజ్యమున 1917లో ఒక సంఘమే ఏర్పడినది.

నిర్మల్‌లో మేము చూడబోయిన చోట అట్టి సమాధులు లేవు, పేర్ల పట్టికయు లేదు.

1857 తిరుగుబాటు ఉత్తరదేశమున అణగిన పిమ్మటను ఈ అడవులలో చల్లారలేదు. రామ్‌జీ గోండు నాయకత్వమున గోండులును, వారితో చేతులు కలిపిన రోహిల్లాలును నిజాము ప్రభుత్వమును, బ్రిటిషు సేనలను ఎదిరించిరి. తుదకు రామ్‌జీ పట్టుబడెను. 1860 ఏప్రిల్ 9వ తేదీన ఆయనను, అనుచరులు వెయ్యిమందిని ఒకే మర్రిచెట్టునకు ఉరితీసిరని జనశ్రుతి. నాటినుండి దానికి వెయ్యి ఉరుల మర్రి అని పేరు. ఆ చెట్టు ఇప్పుడు లేదు. గాలివానకు కూలిపోయినదని చెప్పుదురు.

వీరికి సమాధులేల లేవు? ప్రభుత్వము పక్షమున పోరాడి మరణించినవాడు సైనికుడు; అతని పేరు సేనల పట్టికలోనుండును. ఎదిరించి పట్టుబడినవాడు పాలకుల దృష్టిలో నేరస్థుడు. అతనికి రాతిని నిలుపువారెవరు? ఒకరిద్దరి పేర్లు మిగిలినవి. తక్కిన వారందరు ‘వెయ్యి’ అను ఒక్క మాటలో ఇమిడిపోయిరి. వెయ్యి కన్నులతో ఎదురుచూచితిమని మనమనునపుడు ఎవరును కన్నులు లెక్కింపరు. ఈ వెయ్యియు అట్టిదే కావచ్చును. లెక్క ఎంతయైనను, పేర్లు దక్కనివారిని జనులు మరువలేదనుటకు ఆ మాటయే సాక్ష్యము.

హైదరాబాదునుండి నాగపూరు రహదారిపై నిర్మల్ సుమారు 200 కిలోమీటర్లు. పట్టణమున రామ్‌జీ విగ్రహము కలదు. ఏప్రిల్ 9న ఆయనకు నివాళులర్పింతురు. ఆ త్రోవన పోవు శ్రోతలు కొంతసేపు ఆగి, వెంటనున్న పిల్లలకు ఈ కథ చెప్పిన బాగుండును.

మరియొక పనియు కలదు. గోండుల వంశగాథలను కింగ్రి వాయించుచు పాడు ప్రధానులు ఈ ప్రాంతమున నేటికిని ఉన్నారు. రామ్‌జీ వెంట నడచినవారి పేర్లు వారి పాటలలోగాని, గూడెముల వృద్ధుల నోళ్లలోగాని మిగిలియున్నవేమో అడిగి వ్రాసికొనవలెను. ఒక్క పేరు దొరికినను, వెయ్యిమందిలో ఒకడు మనకు తెలిసినవాడగును.