నలభై దాటాక నల్లకోటు

అట్రాసిటీ కేసులో నిందితుడు బెయిల్ అడిగితే బాధితులకు నోటీసివ్వాలి, వారి మాట వినాలి. 2015 సవరణతో వచ్చిన 15ఏ సెక్షన్ చెప్పేది ఇదే. కోటబొమ్మాళి నుంచి శ్రీకాకుళం కోర్టుకెళ్లే కుటుంబం తరఫున దాన్ని గట్టిగా అడిగే మన లాయర్లు ఎందరు?

'ఈ వయసులో లా ఏంటి' అంటారు. 45 దాటినవారిని న్యాయవాదులుగా నమోదు చేయకూడదన్న బార్ కౌన్సిల్ నిబంధనను సుప్రీంకోర్టు 1995లోనే కొట్టేసింది. డిగ్రీలో 40 శాతం మార్కులున్న ఎస్సీ, ఎస్టీలు లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరొచ్చు.

అసలు అడ్డంకి డబ్బే. నమోదుకే బార్ కౌన్సిళ్లు వేలకు వేలు గుంజేవి. ఎస్సీ, ఎస్టీల నుంచి 125 రూపాయలకు మించి నమోదు ఫీజు తీసుకోరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తేల్చింది. స్టాంపు డ్యూటీ ఉంటే వేరు. ఆపైన ఆలిండియా బార్ పరీక్ష. జూనియర్‌గా తొలి ఏళ్ల రాబడిని మాత్రం నమ్ముకోలేం. ఇల్లు గడిచే దారి ముందే చూసుకోవాలి.