పతకాన్ని అమ్ముకోని రైతు సైనికుడు

రెండవ ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన భారతీయ సైనికులలో అందరికంటే చివరి వరకు జీవించి ఉన్నవారు ఉమ్రావ్ సింగ్. హర్యానాలోని ఒక పల్లెలో పుట్టి, బర్మా అడవులలో ప్రాణాలకు తెగించి పోరాడి, తిరిగి వచ్చి పొలం దున్నుకుని బ్రతికిన ఆ వృద్ధ వీరుడు 2005 నవంబరు 21న ఢిల్లీలోని సైనిక ఆస్పత్రిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 85 సంవత్సరాలు.

యుద్ధభూమిలో ఆయన చూపిన సాహసం ఒక్కనాటిది. ఆ తరువాత ఇల్లు, పొలం, పిల్లల బాధ్యతలతో గడిపిన జీవితం అరవై ఏళ్లది. ఆ అరవై ఏళ్ల కథ కూడా పల్లె ప్రజలు తెలుసుకోదగినదే.

రంగం దారిలో యుద్ధం

ఉమ్రావ్ సింగ్ 1920లో పాల్రా గ్రామంలో జన్మించారు. ఆనాడు పంజాబ్ రాష్ట్రం రోహతక్ జిల్లాలో ఉన్న ఆ ఊరు నేడు హర్యానాలోని ఝజ్జర్ జిల్లాలో ఉంది. వానను నమ్ముకుని సేద్యం చేసే ఆ ప్రాంతంలో ఇంటికొక కొడుకు సైన్యంలో చేరడం మామూలు. ఉమ్రావ్ సింగ్ కూడా 1939లో, యుద్ధం మొదలైన సంవత్సరమే, ఫిరంగి దళంలో చేరారు. మూడేళ్లలో హవల్దారు అయ్యారు.

ఆయన పోరాడిన బర్మా మన తీరప్రాంతం వారికి కొత్త కాదు. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలెక్కి కూలికోసం రంగం వెళ్లినవారు మన పల్లెలలో ఎందరో ఉండేవారు. బర్మావారు తెలుగువారిని కోరంగీలు అనే పిలిచేవారు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగంపై బాంబులు వేయడంతో లక్షలాది భారతీయులు కట్టుబట్టలతో బయలుదేరారు. అరకాన్ కొండల మీదుగా, మణిపురం మీదుగా నడిచి స్వదేశం చేరే ప్రయత్నంలో వేలాదిమంది దారిలోనే చనిపోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై కూడా బాంబులు పడ్డాయి. ఆ అరకాన్ కొండలలోనే రెండున్నరేళ్ల తరువాత ఉమ్రావ్ సింగ్ తన ఫిరంగితో నిలబడ్డారు.

ఇనుప కడ్డీయే ఆయుధమై

1944 డిసెంబరు 15, 16 తేదీలలో కలదాన్ లోయలో ఆ పోరాటం జరిగింది. ఉమ్రావ్ సింగ్ దళం తన ఫిరంగితో అందరికంటే ముందున్న స్థావరంలో ఉంది. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన పటాలానికి అది అండగా నిలిచింది. జపాను సైన్యం గంటన్నరసేపు ఆ స్థావరంపై గుండ్ల వర్షం కురిపించింది. వెంటనే రెండు కంపెనీలకు తగ్గని కాల్బలం మీదికి వచ్చింది.

గ్రెనేడ్లు పేలి రెండుసార్లు గాయపడినా ఉమ్రావ్ సింగ్ బ్రెన్ గన్ వదలలేదు. తోటివారికి ధైర్యం చెబుతూ తొలి దాడిని తిప్పికొట్టారు. రెండో దాడిని కూడా తిప్పికొట్టేసరికి ఆయనతోపాటు మిగిలినవారు ఇద్దరే. మూడోసారి శత్రువులు వచ్చినప్పుడు ఉన్న కొద్ది తూటాలూ అయిపోయాయి. అప్పుడు ఆయన ఫిరంగి భాగాలను ఎత్తడానికి వాడే బరువైన ఇనుప కడ్డీని అందుకున్నారు. చూడడానికి అది మన గునపంలా ఉంటుంది. దానితోనే ముగ్గురు శత్రు సైనికులను నేలకూల్చి, చివరకు దెబ్బలకు తాళలేక పడిపోయారు.

ఆరు గంటల తరువాత మన సైన్యం ఎదురుదాడి చేసి ఆ చోటును తిరిగి స్వాధీనం చేసుకుంది. ఉమ్రావ్ సింగ్ స్పృహ లేకుండా ఫిరంగి పక్కనే పడి ఉన్నారు. ఒంటిపై ఏడు పెద్ద గాయాలు. తలకు తగిలిన దెబ్బలవల్ల ముఖం గుర్తుపట్టరాకుండా ఉంది. కడ్డీ మాత్రం చేతిలోనే ఉంది. చుట్టూ పదిమంది జపాను సైనికుల శవాలు పడి ఉన్నాయి. శత్రువులకు దక్కకుండా ఆయన కాపాడిన ఫిరంగి ఆ రోజే మళ్లీ పేలింది.

1945 అక్టోబరు 15న లండన్‌లోని రాజభవనంలో ఆరవ జార్జి చక్రవర్తి ఆయనకు విక్టోరియా క్రాస్ బహూకరించారు. నేడు మన దేశంలో పరమవీరచక్ర ఎంతటిదో ఆనాటి సైన్యంలో విక్టోరియా క్రాస్ అంతటిది.

తిరిగి పొలానికి

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఉమ్రావ్ సింగ్ భారత సైన్యంలో పనిచేశారు. సుబేదార్ మేజర్ అయ్యారు. గౌరవ కెప్టెన్ హోదా పొందారు. ఉద్యోగం ముగిశాక ఆయన పట్నం వెళ్లలేదు. పాల్రాలోనే ఉండి కొద్దిపాటి పొలం సాగుచేసుకున్నారు. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తెతో ఆయన సంసారం సాధారణ రైతు సంసారంలాగే సాగింది. 1983లో ప్రభుత్వం పద్మభూషణ్ బిరుదుతో సత్కరించింది. బిరుదు వచ్చింది కాని ఇంట్లో కలిమి పెరగలేదు.

ఈ ఇబ్బందులు తెలిసినవారు కొందరు ఆ పతకాన్ని కొంటామని పెద్ద మొత్తాలు చూపారు. పాత పతకాలు సేకరించేవారి దృష్టిలో విక్టోరియా క్రాస్ విలువ లక్షలలో ఉంటుంది. చిన్న కమతంతో ఇల్లు నడుపుకునే రైతుకు అంత డబ్బు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. అయినా ఆయన ఒప్పుకోలేదు. దానిని అమ్మితే తన పక్కన పోరాడి చనిపోయినవారి గౌరవానికి మచ్చ వస్తుందన్నది ఆయన మాట. పతకం తన ఒక్కడి సొత్తు కాదని ఆయన నమ్మారు.

ప్రధాని ఎదుటే మొర

అలాగని తనకు న్యాయంగా రావలసినదాని గురించి ఆయన నోరు మూసుకుని కూర్చోలేదు. 1995లో, యూరప్‌లో యుద్ధం ముగిసి 50 ఏళ్లయిన సందర్భంగా జరిగిన ఉత్సవాలకు ఆయన లండన్ వెళ్లారు. ప్రముఖులు కూర్చునే చోటికి మొదట ఆయనను రానివ్వలేదు. ఛాతీపైనున్న విక్టోరియా క్రాస్‌ను ఒక బ్రిగేడియర్ గుర్తించిన తరువాతే లోపలికి దారి దొరికింది.

ఆ ప్రయాణంలోనే బ్రిటిష్ ప్రధాని జాన్ మేజర్‌ను కలిసి ఆయన తమ భృతి సంగతి అడిగారు. భారత సైన్యంలో విక్టోరియా క్రాస్ పొందినవారికి ఏటా ముట్టేది 168 పౌండ్లే. నాటి మారకం లెక్కన నెలకు సుమారు 700 రూపాయలు. ఏళ్ల తరబడి ధరలు పెరిగినా ఆ భృతి మాత్రం పెరగలేదు. అదే సంవత్సరం ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం విక్టోరియా క్రాస్ భృతిని ఏడాదికి 1,300 పౌండ్లు చేసింది. పాల్రా రైతు అడిగినదాని ఫలితం ఆయన ఒక్కరికే కాక, మిగిలిన విక్టోరియా క్రాస్ వీరులకు కూడా అందింది.

ఆయన మరణించాక స్వగ్రామంలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. సైన్యాధిపతి జనరల్ జె.జె.సింగ్, హర్యానా ముఖ్యమంత్రి భూపీందర్ సింగ్ హుడా హాజరయ్యారు.

పింఛను లేనివారు

ఉమ్రావ్ సింగ్‌కు పతకమైనా ఉంది, అడిగితే వినేవారైనా ఉన్నారు. ఆ యుద్ధంలో పాల్గొన్న 25 లక్షల మంది భారతీయ సైనికులలో ఎక్కువమందికి ఆ రెండూ లేవు. పశ్చిమ గోదావరి జిల్లాలో సైనికుల ఊరుగా పేరు పొందిన మాధవరం నుంచి, తెలుగునాట ఇంకా ఎన్నో పల్లెల నుంచి యువకులు ఆ యుద్ధానికి వెళ్లారు. యుద్ధం ముగియగానే లక్షలాదిమందిని ఇళ్లకు పంపివేశారు. సిపాయికి పింఛను రావాలంటే 15 సంవత్సరాల సర్వీసు ఉండాలి. అయిదారేళ్లు పనిచేసి తిరిగి వచ్చినవారికి ఆ పింఛను అందలేదు. అటువంటివారికి, వారి వితంతువులకు నెలనెలా కొంత సాయం ఇచ్చే ఏర్పాటును ఆ తరువాత రాష్ట్రాలు చేశాయి. దరఖాస్తులు చూసేది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు.

ఆ తరంవారు నేడు దాదాపు లేరు. వారి డిశ్చార్జి పుస్తకాలు, పతకాలు కొన్ని ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున ఉండిపోయాయి. తాత సైన్యంలో ఏ పటాలంలో ఉన్నారో, ఏ దేశం వెళ్లారో చెప్పగలిగేవి ఆ కాగితాలే. ఇల్లు మారినప్పుడో, పాత సామాను అమ్మినప్పుడో వాటిని తూకానికి వేయకుండా దాచుకోవలసిన బాధ్యత మనుమలది.