ఆపరేటింగ్ సిస్టమ్ ఒక చోట, ప్రోగ్రాములు మరొక చోట

‘నా ప్రోగ్రాములన్నీ డి డ్రైవులో ఉన్నవి, ఇక విండోస్ పాడైనా నాకు దిగులు లేదు’ అని ధీమాగా ఉండే విద్యార్థులు అనేకులు. ఈ ధీమాలో సగం సత్యం, సగం భ్రమ. ఆ రెండింటినీ విడదీసి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు ముగిసింది. కనుక పాత యంత్రాలపై కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకొనే వారికి ఈ విచక్షణ అవసరం.

మొదట అక్షరాల సంగతి. 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌లో ఎ, బి అనే పేర్లు ఫ్లాపీ డ్రైవులకు చెందినవి. 1983 నాటి ఎక్స్‌టీ నమూనాలో పది మెగాబైట్ల హార్డ్ డిస్కు అమర్చినప్పుడు దానికి సి అనే అక్షరం దక్కింది. ఫ్లాపీలు కాలగర్భంలో కలిసినా ఆ వరుస మాత్రం నిలిచిపోయింది. నేటికీ విండోస్ సాధారణంగా సి డ్రైవులోనే కాపురం ఉంటున్నది.

ప్రోగ్రామును స్థాపించడమంటే ధాన్యపు బస్తాను ఒక గదిలో దింపడం వంటిది కాదు; తమలపాకు తీగను నాటడం వంటిది. తీగ వేరు ఒక చోట ఉన్నా అది అవిసె చెట్టును అల్లుకొని నిలుస్తుంది. అటులనే ప్రోగ్రాము ముఖ్య ఫైళ్లు డి డ్రైవులో ఉన్నా, దాని వివరాలు విండోస్ రిజిస్ట్రీలో నమోదవుతవి. దాని అమరికలు సి డ్రైవులోని యూజర్ ఫోల్డరులో చేరుతవి. మరి కొన్ని ఉమ్మడి ఫైళ్లు విండోస్ ఫోల్డరులోనికి పోతవి. సి డ్రైవును తుడిచి విండోస్‌ను మళ్లీ ఎక్కించినప్పుడు అవిసె కూలినట్లే. డి డ్రైవులో తీగ కనిపిస్తూనే ఉంటుంది గాని నిలబడలేదు. అధిక భాగం ప్రోగ్రాములను తిరిగి స్థాపించక తప్పదు. ఈ కారణం చేతనే ప్రోగ్రాము ఫోల్డరును ఒక డ్రైవు నుండి మరొక దానికి లాగి పడవేయడం కూడా పనికిరాదు. ముందు అన్‌ఇన్‌స్టాల్ చేసి, తరువాత కొత్త చోట స్థాపించవలెను. పెన్‌డ్రైవు నుండి నేరుగా నడిచే పోర్టబుల్ ప్రోగ్రాములు దీనికి మినహాయింపు.

తెలుగు, ఉర్దూ పుటలు రెండూ గల మన వంటి సంచికకు ఇది మరింత ముఖ్యం. అను ఫాంట్లతో కూర్చిన తెలుగు వ్యాసం, ఆ ఫాంట్లు లేని యంత్రంలో అర్థం లేని గుర్తుల వరుసగా కనబడుతుంది. అను ప్రోగ్రామును డి డ్రైవులో ఉంచినా ఫాంట్లు సాధారణంగా సి డ్రైవులోని విండోస్ ఫాంట్స్ ఫోల్డరులోనే చేరుతవి. ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ ఫైలును తెరువవలెనన్న ఇన్‌పేజ్ ఉండవలెను. కాబట్టి ఫైళ్లతో పాటు స్థాపక ఫైళ్లు, ఫాంట్లు, లైసెన్సు వివరాలు భద్రపరచుకొనాలి. ప్రతి వ్యాసానికి ఒక యూనికోడ్ ప్రతిని ఉంచుకొనుట ఇంకా శ్రేయస్కరం.

అట్లయిన వేరు డ్రైవు వలన లాభమేమి? ఒకటి, సి డ్రైవు నిండిపోదు. అది నిండినచో విండోస్ నవీకరణలకు చోటు దొరకదు, యంత్రం మందగిస్తుంది. రెండు, మన సొంత రచనలు, చిత్రాలు డి డ్రైవులో ఉన్నప్పుడు, విండోస్ తిరిగి ఎక్కించేటప్పుడు సి విభాగాన్ని మాత్రమే ఎంచుకొన్నచో అవి చెక్కుచెదరవు. తొందరలో విభాగాలన్నింటినీ తొలగిస్తే డి కూడా పోతుంది. లినక్స్‌లో హోమ్ విభాగాన్ని వేరుగా ఉంచే పద్ధతి పరమార్థం కూడా ఇదే.

అయితే మరొక భ్రమ ఉన్నది. అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సాగరాన్ని చేరే చోట అన్నాచెల్లెళ్ల గట్టును చూసిన వారికి ఒక విషయం తెలుసు: గట్టు ఉన్నంత మాత్రాన నది, సముద్రం ఒకదానినొకటి తాకకుండా ఉండవు. ఒకే డిస్కును సి, డి అని విభజించడం ఇటువంటి గట్టే. డిస్కు చెడిన నాడు రెండూ పోతవి. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి వరదను ఎదుర్కొన్న లంక గ్రామాల వారికి వేరే చెప్పనక్కరలేదు: వరద వచ్చినప్పుడు పక్క గది రక్షణ కాదు, మెరక మీది ఇల్లే రక్షణ. ఆ మెరక మరొక డిస్కుపై, మరొక చోట ఉంచిన నకలు.

ఇక ఆచరణ. ప్రోగ్రామును స్థాపించేటప్పుడు కస్టమ్ అనే మార్గం ఎంచుకొని, సి డ్రైవులోని ప్రోగ్రామ్ ఫైల్స్‌కు బదులు డి డ్రైవులో ఒక ఫోల్డరును చూపవలెను. కొన్ని ప్రోగ్రాములు ఈ అవకాశం ఇవ్వవు. సి డ్రైవు ఎస్‌ఎస్‌డీ, డి డ్రైవు పాత తరహా హార్డ్ డిస్కు అయినచో నిత్యం వాడే వాటిని సి లోనే ఉంచడం మేలు. డి నుండి అవి ఆలస్యంగా తెరుచుకొంటవి. డ్రైవర్లను, యాంటీవైరస్‌ను సి నుండి కదిలించరాదు. డాక్యుమెంట్స్ ఫోల్డరు ప్రాపర్టీస్‌లోని లొకేషన్ అనే చోట దాని నివాసాన్ని డి డ్రైవుకు మార్చుకొనవచ్చును.

ప్రోగ్రాము పోతే మళ్లీ దొరుకుతుంది. విద్యార్థి రాత్రులు మేల్కొని రాసిన ప్రాజెక్టు, ఏడాదికొకసారి వెలువడే సంచిక పుటలు పోతే ఏ అంగడిలోను దొరకవు. కనుక కళాశాల కంప్యూటర్లలో రచనలను వేరు డ్రైవులో ఉంచుటకును, ప్రతి సంచిక నకలును విడి డిస్కులో గ్రంథాలయానికి అప్పగించుటకును కమిటీ పెద్దలు ఒక నియమం ఏర్పరచగలరని ఆశిద్దాం. విద్యార్థులు ఆ నియమం కొరకు వేచి ఉండక, నేడే తమ ఫైళ్లకు రెండవ ఇల్లు చూసుకొందురు గాక!