ఊహాశక్తి

పాఠము వినక కిటికీ వైపు చూచు బాలుని గూర్చి, “వీడు ఊహలలో తేలుచున్నాడు” అని పెద్దలు మందలింతురు. పని చేయక పలుకులతో ప్రొద్దుపుచ్చు వానిని “గాలిలో మేడలు కట్టుచున్నాడు” అందురు. అందుచేత ఊహ యనగా పనిలేనివారి వేడుక యనియు, కవులకును చిత్రకారులకును తప్ప తక్కినవారికి దానితో నిమిత్తము లేదనియు పలువురు తలంతురు. ఇది సరియైన అభిప్రాయము కాదు. రైతునకు గాని, వడ్రంగికి గాని, ఇల్లాలికి గాని ఊహ లేనిదే ఒక్క దినమైనను గడవదు. నెల్లూరు జిల్లా పడమటి భాగమున కొండలును మెట్టపొలములును గల ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు ఈ సత్యమునకు చక్కని సాక్ష్యములు.

కంటి ఎదుట లేనిదానిని మనసులో రూపు కట్టించుకొను శక్తియే ఊహాశక్తి. జ్ఞాపకము వేరు, ఊహ వేరు. చూచినదానిని చూచినట్లు మరల తలచుకొనుట జ్ఞాపకము. చూచినవానిని విడదీసి, మార్చి, క్రొత్తగా కూర్చుట ఊహ. కావున ఊహ శూన్యమునుండి పుట్టదు. గాదెలో గింజలు లేనిదే వంట సాగనట్లు, మనసులో చూచినవి, విన్నవి, చదివినవి లేనిదే ఊహ సాగదు.

ఉదయగిరిలో తరతరములుగా చెక్క గరిటెలు, చెంచాలు, ముళ్ళ చెంచాలు, పళ్ళెములు చేయుచున్నారు. సమీపమున గల కొండలలో పెరుగు నర్ది, బిక్కి, దేవదారి వంటి చెట్ల కొయ్య వీరికి ఆధారము. ఈ పనివారిలో స్త్రీలు పెక్కుమంది. ఇరువది యొకటవ శతాబ్ది రెండవ దశకములో ఈ వస్తువులకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అనగా ఉదయగిరి పేరు పెట్టి ఇతరచోట్ల చేసిన సరకును అమ్మరాదన్నమాట.

పనివాని చేతికి వచ్చునది వంకర తిరిగిన కొయ్యముక్క. చూచువారికి అది పొయ్యిలోనికి తప్ప పనికిరాదు. అతడు దానిని అటునిటు త్రిప్పి చూచును. కొయ్యలోని నార ఏ వైపునకు సాగుచున్నదో, కణుపు ఎక్కడ నున్నదో గమనించును. కాడను నారకు అడ్డముగా తీసినచో అది పుటుక్కున విరుగును. నార వెంట తీసినచో సన్నని కాడయైనను నిలుచును. ఉలి తగులకముందే ఆ ముక్కలో గరిటె ఎక్కడ నున్నదో అతని మనసు చూచును. తరువాత చేయి చేయు పని యెల్ల, గరిటె కానిదానిని తొలగించుటయే. ఇచట ఊహకు తోడుగా రెండు కలవు. ఒకటి పరిశీలన, రెండవది అభ్యాసము. ఆ రెండును లేని ఊహ గాలిమేడ. అవి గల ఊహ గరిటె.

ఉదయగిరి దుర్గము మరియొక కథ చెప్పును. గజపతుల అధీనమున నున్న ఈ గిరిదుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించెను. కోటకు పోవు దారి ఒక్కొక్క మనుష్యుడు మాత్రమే నడువదగినంత ఇరుకైనదని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసియుంచెను. అట్టి దారిలో లక్షల సేన యున్నను ఒక్కని బలమే పనిచేయును. ఉన్న దారినే పట్టుకొని పోరుటకు మారుగా, రాయలు బండలను పగులగొట్టించి వెడల్పైన బాటలు వేయించెను. సుమారు ఏడాదిన్నర ముట్టడి తరువాత 1514లో దుర్గము స్వాధీనమయ్యెను. దారి లేదని తెలిసినపుడు కొందరు వెనుకకు మరలుదురు. ఊహ గలవాడు దారి ఉండవలసిన చోటును చూచును. అయినను చూచినంతమాత్రమున బండ పగులలేదు. ఏడాదిన్నర శ్రమ కూడ కావలసివచ్చినది.

ఆత్మకూరు ప్రాంతమున చెరువులే పూర్వులకు జీవనాధారములు. వేసవిలో ఎండిన పల్లమును చూచి, వానకాలమున నీరు ఏ వైపునుండి వచ్చునో, ఎచట కట్ట వేసిన నిలుచునో, కలుజు ఎచట నుండవలెనో ముందుగా ఊహించినవారే చెరువు త్రవ్వింపగలిగిరి. అనంతసాగరము చెరువు వంటివి అట్టి దూరదృష్టి ఫలములు. తరువాతి కాలమున పెన్నానదిపై సోమశిల వద్ద సుమారు 78 టి.ఎం.సి.ల నీరు నిలుపు జలాశయము వెలసినది. దాని నీటివలన దిగువ పొలములు పండినవి. కాని ఆ నీరు నిలుచుటకై ఎగువను కడప జిల్లాలోని గ్రామములు మునిగిపోయినవి. పంటను ఊహించుట సులభము. పుట్టిన ఇంటిని నీటికి విడిచి పోవువాని మనసును ఊహించుట కష్టము. ఈ రెండవ ఊహ లేనివాడు ఎంత గొప్ప పని తలపెట్టినను అందు సగమే చూచినవాడగును.

పరుల కష్టమును తనదిగా భావించుటకు మూలము ఊహయే. ఈ సీమలోనే జరిగిన ఒక మహత్తర సంఘటన దానికి ఉదాహరణము. కలిగిరి సమీపమున దూబగుంట అను గ్రామము కలదు. 1990 తరువాతి తొలి సంవత్సరములలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగినది. పగలెల్ల కూలిపని చేసిన స్త్రీలు రాత్రివేళ పలకలు పట్టిరి. వారి వాచకములలో సారా వలన చితికిపోయిన సంసారముల కథలు ఉండెడివి. పేర్లు వేరు, ఊరు వేరు. కాని ఆ స్త్రీలు అక్షరములు కూడబలుకుకొని చదివిన కొలదిని, కథలోని యిల్లు తమ యిల్లుగా తోచినది. భర్త కూలిడబ్బు దుకాణమునకు చెల్లుటయు, పిల్లలు పస్తులుండుటయు వారు ఎరుగనివి కావు. అంతవరకు తలవ్రాత యనుకొన్నది, మార్చదగినదిగా మొదటిసారి కనబడినది. “సారా దుకాణము లేని ఊరు ఎట్లుండును?” అను ఊహ వారి మనసులలో పుట్టినది.

వర్ధినేని రోశమ్మ మున్నగు స్త్రీలు ఏకమై ఊరిలో సారా అమ్మకమును ఆపించిరి. వారి విజయమే పాఠముగా మారి ఇతర గ్రామములకు చేరినది. ఒక ఊరి కథను చదివి మరియొక ఊరు కదలినది. 1992లో సారా వ్యతిరేకోద్యమము జిల్లా అంతటను, పిదప రాష్ట్రమంతటను వ్యాపించినది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సారాను నిషేధించెను. చదువు వారికి అక్షరములనిచ్చినది. ఊహ ఆ అక్షరములకు ప్రాణమిచ్చినది. ఐకమత్యము ఆ ఊహను కార్యము చేసినది.

కథలకు ఇట్టి బలము కలదని పూర్వులు బాగుగ ఎరిగియుండిరి. నీతిశాస్త్రము తలకెక్కని రాజకుమారులకు జంతువుల కథలతో రాజనీతి నేర్పిన గ్రంథము పంచతంత్రము. దానిని పదునైదవ శతాబ్దిలో తెలుగు పద్యములలోనికి తెచ్చిన దూబగుంట నారాయణకవి తన కావ్యమును ఉదయగిరి ప్రభువైన బసవరాజునకు అంకితము చేసెను. నక్కయు ఎద్దును మాటలాడుట అసత్యమే. కాని చాడీలు విని మిత్రుని పోగొట్టుకొనుట సత్యము. ఊహ ఒక్కొక్కప్పుడు అసత్యమైన వేషము వేసి సత్యమును చెప్పును.

చిన్నవయసు ఊహకు అడ్డు కాదు. ఫ్రాన్సు దేశమున 1809లో పుట్టిన లూయీ బ్రెయిలీ మూడేండ్ల ప్రాయమున తండ్రి తోలుపనిశాలలో ఆరెతో ఆడుకొనుచు కంటిని గాయపరచుకొని, క్రమముగా రెండు చూపులను కోల్పోయెను. చీకటిలో సైనికులు వేళ్ళతో తడిమి చదువుటకై ఒక సైనికాధికారి కల్పించిన ఉబ్బెత్తు చుక్కల లిపి అతనికి బడిలో తెలియవచ్చినది. అందు ఒక్కొక్క గుర్తునకు పండ్రెండు చుక్కల వరకు ఉండుటచే ఒక వ్రేలిక్రింద ఇమిడెడివి కావు. బ్రెయిలీ వానిని ఆరింటికి తగ్గించి, పదునైదేండ్ల ప్రాయముననే అంధులకు చక్కని లిపిని సమకూర్చెను. అతడు శూన్యమునుండి ఏమియు సృష్టింపలేదు. ఉన్నదానిని పట్టి చూచి, లోపము గ్రహించి, “ఇట్లు గాక మరెట్లు?” అని ప్రశ్నించుకొనెను.

ఈ శక్తిని పెంపొందించుకొనుట కష్టము కాదు. మొదట చూచుట నేర్వవలెను. ప్రతిదినము ఒక వస్తువును, ఒక ఆకునో, ఒక తాళపుచెవినో, నిదానముగా చూచి, కన్నులు మూసికొని దానిని వర్ణింప ప్రయత్నింపవలెను. వదలిన అంశములను మరల చూచి తెలిసికొనవలెను. రెండవది, కథ చదువునపుడు నడుమ ఆపి, తరువాత ఏమి జరుగునో తలపోయవలెను. మూడవది, చేతిలోని వస్తువు మరి యెన్ని విధముల ఉపయోగపడునో యోచింపవలెను. నాలుగవది, తగవు వచ్చినపుడు ఎదుటివాని స్థానమున నిలిచి ఒక్కసారి చూడవలెను. చివరిది మిక్కిలి ముఖ్యము: తోచినదానిని కాగితముపై గీసియో, మట్టితో చేసియో పరీక్షింపవలెను. తప్పు తేలినచో సిగ్గుపడ నక్కరలేదు. ఎన్ని కొయ్యలు చెడిన పిమ్మట పనివానికి గరిటె కుదిరినదో ఎవరు లెక్కించిరి?

అదుపు తప్పిన ఊహ కీడు కూడ చేయును. చీకటిలో తాడును పాముగా చూపి వణికించునది అదియే. పొరుగువాని చూపులో లేని పగను కల్పించునదియు అదియే. దీపము తెచ్చి చూచినచో తాడు తాడే యగును. కావున ఊహ పరుగెత్తు గుఱ్ఱమైనచో విచారణ దానికి కళ్ళెము.

ఉదయగిరి కొండలలోని కొయ్య తరగనిది కాదు. చెట్లను నరకుటయే గాని పెంచుట లేకున్నచో ఒకనాడు ఉలి ఉండును, చేయి ఉండును, చెక్క ఉండదు. నేటి కొయ్యలో గరిటెను చూచు కన్ను, నేటి మొక్కలో రేపటి చెట్టును కూడ చూడగలుగవలెను. లేనిదానిని ముందుగా చూచి, దానికై నేడే చేయి కదలించుటయే ఊహకు సార్థక్యము.