పొగలేని మంట

అచ్యుతాపురము పరిసర గ్రామములలో వంటగ్యాసు వచ్చిన పిదపను పెరటి పొయ్యి పూర్తిగా ఆరిపోలేదు. స్నానపు నీళ్ల కాగునకు, పండుగనాటి పెద్ద వంటకు, సిలిండరు నిండుకొన్న దినములకు కట్టెలే దిక్కు. అయినను కట్టెలు మండించుట అందరికిని తెలిసిన పనియే యనుకొని దానిని గూర్చి ఆలోచింపము. అందువలన నష్టపడునవి పొయ్యి ముందు కూర్చున్న గృహిణి కన్నులును, ఊపిరితిత్తులును, ఆమె చెంగు పట్టుకొని తిరుగు పసిబిడ్డల ప్రాణములును. 2020లో ఇండ్లలోని పొగ వలన ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది.

కట్టెకు వేడి సోకగానే దానినుండి వాయువులు వెలువడును. మంటగా మనకు కనబడునది ఆ వాయువులు కాలుటయే. వానికి చాలినంత గాలియు వేడియు లభింపనిచో కాలకయే పైకి పోవును, అదియే పొగ. అనగా పొగ యనునది మనము కొని తెచ్చియో, మోసి తెచ్చియో, కాల్చుకొనక పారవేసిన వంటచెరకే.

అప్పుడే కొట్టిన కట్టె బరువులో ఇంచుమించు సగము నీరుండును. ఆ నీరు ఆవిరియై పోవుటకే వేడిలో కొంత భాగము చెల్లును. కావున కట్టెలను చీల్చి, వాన తగులని చోట, నడుమ గాలి యాడునట్లు పేర్చి, ఆరు నెలలు ఎండనీయవలెను. కట్టెలలో మా మెప్పు మన తీరపు ఇసుకనేలల సరుగుడునకే. తాటికమ్మ భగ్గుమని లేచి వెంటనే చల్లారును. అది అంటించుటకే కాని వండుటకు కాదు. జీడిపిక్కల పెంకులను మాత్రము ఇంటి పొయ్యిలో వేయరాదు. వానిలోని నూనె చర్మమును బొబ్బలెక్కించును, పొగ గొంతును మండించును. ఇక ప్లాస్టిక్ సంచితో పొయ్యి రాజవేయువారికి ఏమి చెప్పుదుము? అన్నము వండుచు విషము పీల్చుచున్నారు.

మునుపటి బూడిదను తీసివేసి, క్రింద రెండు ఇనుపచువ్వలు అడ్డముగా నుంచినచో కట్టెలు నేల నంటక, అడుగునుండి గాలి వచ్చును. ఎండు చిదుగులను వదులుగా పేర్చి అంటించి, బొటనవ్రేలంత లావు కట్టెలను రెండు మూడింటిని కొనలు దగ్గరగా నుండునట్లు వేయవలెను. ఒక్క కట్టె ఒంటరిగా నిలిచి మండదు. ఒకదాని వేడి మరియొకదానికి కావలెను. కొనలు కాలినకొలది లోపలికి త్రోయుచుండవలెను. పొయ్యి నిండ కుక్కుటయే తరచుగా జరుగు పొరపాటు. ఊదుగొట్టముతో నిప్పుకణికల మొదట ఊదవలెను, మంటపై కాదు.

ఈ సూత్రమునే అనకాపల్లి ప్రాంతపు బెల్లపు పొయ్యిలో పెద్దగా చూడవచ్చును. ఎండిన చెరకుపిప్పిని కొద్దికొద్దిగా నోటిలో వేయుచుందురు. మంట పెనము క్రిందుగా ప్రాకి, వేడి నిచ్చి, చివరి గొట్టము గుండ పొగ వెలుపలికి పోవును. పిప్పి తడిసియున్న దినమున పాకము ఎంతసేపటికిని రాదు.

ఇండ్ల పొయ్యికిని గొట్టము కావలెనని హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునందు డాక్టరు ఎస్. పి. రాజు మట్టితో ఒక పొయ్యిని రూపొందించిరి. ఒకే మంటపై వరుసగా పాత్రలుంచుటకు రంధ్రములు, చివర పొగగొట్టము దాని నిర్మాణము. 1953లో ఆయన దానిని గూర్చి గ్రంథము ప్రకటించిరి. తరువాత 1983లో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల పథకమును చేపట్టి 2002 వరకు నడపినది. పెక్కు పొయ్యిలు నిలువలేదు. గొట్టము మసితో పూడుకొనెను, మట్టి బీటలు వారెను, ఇంటి పాత్రలు రంధ్రములకు సరిపోకుండెను. మా యభిప్రాయమున పొయ్యిని అమర్చుటపై చూపిన శ్రద్ధ, మసి దులుపుట నేర్పుటపై చూపవలసియుండెను. గొట్టమున్నవారు నెలకొకసారి దులుపుకొనుడు; లేనివారు పొయ్యిని పంచలోనికి మార్చుకొనుడు.

మరియొక హెచ్చరిక. ధనుర్మాసపు చలిలో పొగ లేదుకదా యని కణికల కుంపటిని పడకగదిలో నుంచి తలుపులు మూయరాదు. ఎఱ్ఱని కణికలనుండి కార్బన్ మోనాక్సైడు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారికి తెలియనీయకయే ప్రాణము తీయును.