నక్షత్రవిద్యను ఇంటింటికి దెచ్చిన కార్ల్ సేగన్

నక్షత్రములు మన స్త్రీలకు క్రొత్తవి కావు. పెండ్లినాడు అరుంధతిని జూచితిమి. బిడ్డలకు చందమామను జూపి గోరుముద్దలు దినిపించితిమి. అయినను "అమ్మా, ఆ చుక్క యేమి?" అని బిడ్డ యడిగినచో, పనివేళ విసిగింపవలదని కసరుట మనలో బలువురకు వాడుక. అట్టి ప్రశ్న నొకదానిని విడువక పట్టుకొనిన బాలుడు లోకమునకే యుపాధ్యాయుడైన చరిత్రమును సోదరీమణులకు విన్నవించుచున్నాము.

కార్ల్ సేగన్ 1934 వ సంవత్సరము నవంబరు 9 వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరమున, బ్రూక్లిన్ ప్రాంతమున జన్మించెను. తండ్రి దుస్తుల పరిశ్రమలో పనివాడు. తల్లి రేచెల్ గృహిణి. ఇంట సంపద లేదు, శాస్త్రవిద్యయు లేదు. తార లనగా నేమని బాలు డడుగగా పెద్ద లెవ్వరును సరియైన యుత్తర మీయలేకపోయిరి. తల్లి మాత్రము కసరలేదు. గ్రంథాలయమునకు బోయి పుస్తకము దెచ్చుకొమ్మని పంపెను. తారల పుస్తక మిమ్మనగా అచ్చటి యుద్యోగిని సినిమాతారల పుస్తక మిచ్చెనట! బాలుడు మరల విడమరచి చెప్పి, కావలసిన గ్రంథమును సంపాదించెను. సూర్యుడును ఒక నక్షత్రమే యనియు, తక్కిన నక్షత్రములు మిక్కిలి దూరమున నున్న సూర్యులే యనియు అందు జదివి యాశ్చర్యమగ్ను డయ్యెను.

1960 లో షికాగో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నందెను. మనము వేగుచుక్కయని పిలుచు శుక్రగ్రహమును గూర్చి యాతడు చేసిన పరిశోధన ముఖ్యమైనది. మేఘములు గప్పిన యా గ్రహము జీవులకు వాసయోగ్యముగా నుండవచ్చునని కొంద రూహించుచుండిరి. అచ్చటి దట్టమైన బొగ్గుపులుసుగాలి, కుండమీది మూతవలె వేడిని బయటికి బోనీయదనియు, ఆ నేల కొలిమివలె నుండుననియు సేగన్ వాదించెను. పిమ్మట వ్యోమనౌకలు పోయి కొలువగా నచ్చటి వేడిమి 460 సెంటిగ్రేడు డిగ్రీల ప్రాంతమున నున్నట్లు తేలెను.

అయిన నాతని కీర్తికి ముఖ్యకారణము విద్యను పంచిపెట్టుటయే. 1980 లో 13 భాగములుగా ప్రసారమైన "కాస్మాస్" అను టెలివిజన్ చిత్రమాలను 60 దేశములలో 50 కోట్లకు పైగా జనులు చూచిరని చెప్పుదురు. మన యెముకలలోని కాల్షియము, నెత్తుటిలోని యినుము ఏనాడో నక్షత్రముల గర్భములలో తయారైనవే యని యాతడు చెప్పగా, ఆకాశము పరాయిది కాదని సామాన్యులకు దోచెను.

ఇది పండితులలో గొందరకు రుచింపలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయము స్థిరమైన పద వీయకపోగా, 1968 లో కార్నెల్ విశ్వవిద్యాలయము చేరదీసెను. 1992 లో అమెరికా జాతీయ విజ్ఞానపరిషత్తు సభ్యత్వము నిరాకరించెను. ఆ పరిషత్తే 1994 లో ప్రజాహితపతకము నొసగెను.

ఒక సంగతిని మాత్రము మేము దాచజాలము. ఆతని మొదటి భార్య లిన్ మార్గులిస్ తానును విద్యావతియే. గృహకృత్యముల భారమంతయు తనమీదనే పడినదని యామె చెప్పుచుండెను. ఆ వివాహము నిలువలేదు. జీవకణములలోని భాగములు గొన్ని పూర్వము వేఱుగా బ్రదికిన సూక్ష్మజీవులే యని యామె వ్రాసిన వ్యాసమును పలు పత్రికలు త్రోసిపుచ్చినను, 1967 లో ప్రకటింపించి ప్రఖ్యాతి గాంచెను. లోకమునకు విద్య పంచువాని యింటనే యిల్లాలి విద్యకు తీరిక కఱవగుట మన మాలోచింపదగిన విషయము.

1977 లో వాయేజరు నౌకలపై బంపిన బంగారుపూత ఫలకమును సేగన్ అధ్యక్షతనే కూర్చిరి. అందలి 55 భాషల శుభాకాంక్షలలో మన తెలుగును గలదు. కేసర్‌బాయి కేర్కర్ గానమును గలదు. 1990 ఫిబ్రవరి 14 వ తేదీన, ఆతని కోర్కెపై, మొదటి వాయేజరు 600 కోట్ల కిలోమీటర్ల దూరమునుండి వెనుదిరిగి మన భూమిని చిత్రించెను. అందు భూమి యెండపొడలోని ధూళికణమువలె నుండెను. మన కలహములును, మన గర్వములును ఆ కణముపైనివే గదా!

ఎముకమూలుగకు వ్యాధి సోకగా, సోదరి తన మూలుగ నిచ్చి కొంతకాలము నిలిపెను. 1996 డిసెంబరు 20 వ తేదీన, 62 వ యేట, సేగన్ పరలోకగతు డయ్యెను.

సోదరీమణులారా! రేచెలమ్మకు ఖగోళశాస్త్రము తెలియదు. కాని బిడ్డ ప్రశ్నను ద్రోసివేయలేదు. మన బిడ్డ అడిగినపుడు, అది కుమారుడైనను కుమార్తె యైనను, "నాకు దెలియదు, కలిసి తెలిసికొందము" అని చెప్పుటకు డబ్బు గాని పట్టము గాని యక్కఱలేదు.