దెయ్యం కన్నా ముందు ఊరు

భయపెట్టే బొమ్మల నవల సంపుటాలుగా వస్తున్నప్పుడు బరువంతా మొదటిదాని మీదే ఉంటుంది. అది దెయ్యాన్ని ఆలస్యంగా చూపించినా ఫర్వాలేదు, ఆ దెయ్యం తిరిగే ఊరిని మాత్రం ముందే నమ్మించాలి. షామిక్ దాస్‌గుప్తా రాయగా యాలీ డ్రీమ్ క్రియేషన్స్ తెచ్చిన 'తారానాథ్ తాంత్రిక్' వరసలో మొదటి సంపుటం 'సిటీ ఆఫ్ సారోస్'. దుఃఖాల నగరమని పేరులోనే చెబుతోంది. ఆ నగరం కోల్‌కతా.

తారానాథ్ బెంగాలీలకు పాత పరిచయమే. 'పథేర్ పాంచాలి' రాసిన విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ పుట్టించిన పాత్ర. సూరంపూడి సీతారాం తెలుగు చేసిన 'వనవాసి' రచయితగా ఆయన మనకూ దగ్గరివాడే. తారానాథ్ మీద ఆయన రాసినవి రెండే కథలు. తర్వాత కొడుకు తారాదాస్ ఆ పాత్రను కొనసాగించాడు. ఆ కథల్లో తారానాథ్ జాతకాలు చెప్పుకుని బతుకుతూ, ఇంటికొచ్చినవాళ్లకు తన పాత సాధనల గురించి చెబుతుంటాడు. అవన్నీ జరిగిపోయినవి కాబట్టి వినేవాళ్లకు ధైర్యం. బొమ్మల నవల అతన్ని నేటి నగరంలోకి తెచ్చి ఆ ధైర్యాన్ని తీసేసింది.

సంగీతం, చీకటి హాలు లేకుండా కాగితం ఎలా భయపెడుతుంది? గడికీ గడికీ మధ్య సందుతో. ఒక గడిలో తలుపు మీద చెయ్యి, తర్వాతి గడిలో ఖాళీ గది. మధ్యలో ఏం జరిగిందో పాఠకుడే ఊహించుకుంటాడు. రెండో ఉపాయం పేజీ తిప్పడం. చివరి గడిలో ఎవరో ఉలిక్కిపడి చూస్తారు. వాళ్లు చూసింది తెలియాలంటే మన చేతులతో మనమే పేజీ తిప్పాలి. జపాన్ చిత్రకారుడు జుంజి ఇటో ఈ పనిలో దిట్ట. అమెరికాలో 2003లో మొదలైన 'ది వాకింగ్ డెడ్' లోపలి పేజీలు నలుపు తెలుపుల్లోనే వచ్చాయి. దాని మొదటి సంపుటం కూడా ఖాళీ ఆసుపత్రినీ నిర్మానుష్యమైన వీధులనూ చూపించి మనల్ని లొంగదీసుకుంటుంది.

అలాంటి ఊరు ఎక్కడ దొరుకుతుందంటే కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ వైపు చూపిస్తాను. 1892లో తెరిచిన రేవు ఇక్కడుంది. 1873లో 'లల్లా రూఖ్' ఓడ ఒప్పంద కూలీలను సురినామ్‌కు తీసుకుపోయింది ఈ నగరం నుంచే. ఆ జ్ఞాపకంగా ఇక్కడ సురినామ్ ఘాట్ ఉంది. పక్కనే అలీపూర్‌లోని హేస్టింగ్స్ హౌస్‌కు వారన్ హేస్టింగ్స్ ఆత్మ గుర్రపు బండిలో వచ్చి, పోయిన పెట్టె కోసం వెతుకుతుందని చెప్పుకుంటారు. ఓడెక్కి తిరిగిరాని మనుషులు, వాళ్ల కోసం ఎదురుచూసిన ఇళ్లు: నిజమైన భయం ఇలాంటి తీరని దుఃఖంలోంచే పుడుతుంది. ఆ దుఃఖం లేని దెయ్యం వట్టి బొమ్మ.

వరస కథ నడకను మనకు 'చందమామ' బేతాళుడు ఎప్పుడో నేర్పాడు. ప్రతిసారీ ఒక చిక్కుముడి విడిపోతుంది, శవం మాత్రం మళ్లీ చెట్టెక్కుతుంది. మంచి మొదటి సంపుటం చేయాల్సిందీ అదే. చేపట్టిన కథను అది ముగించాలి, పెద్ద ప్రశ్నను మిగల్చాలి. అసలు కథంతా రెండో సంపుటానికి వాయిదా వేసే పుస్తకం పాఠకుడి డబ్బుకూ నమ్మకానికీ న్యాయం చేయదు. విశాఖ రేవుకూ, కోరంగికీ ఇలాంటి దుఃఖాలున్నాయి. వాటికి బొమ్మలు వేసే తెలుగు చిత్రకారులు రావాలి.